సీటు కింద వేడి

పామూరు రోడ్డు మలుపులో ముల్లు లేచింది.
రోజూ సగం దగ్గర బుద్ధిగా ఉండేది
పోయి పోయి ఎర్రగీత మీద కూర్చుంది.
వెనక ఇరవై క్యాన్ల మంచినీళ్ళు
గుడగుడమంటా ఉన్నాయి.
నా సీటు కింద నుంచి కాలిన రబ్బరు వాసన.
ఓమ్నీ వ్యానులో అంతే,
ఇంజను మీదే మనం కూర్చునేది.

ఇంటికి ఎట్టా చేర్చానో నాకే తెలవదు,
దిగుడులో ఆపుకుంటా, ఎత్తులో బతిమాలుకుంటా.

సీటు లేపి మూత మీద చెయ్యి వేయబోతే
గడప మీద నుంచి అక్క అరిచింది:
"ఉడికే కుండ మూత అట్టా తీస్తార్రా?
ఆవిరికి నువ్వూ నేనూ తేడా తెలవదు."
మాలకొండమ్మకి బండి నడపడం రాదు,
పొయ్యితో మాత్రం నలభై ఏళ్ళ కాపురం.
కూర్చున్నా.
పప్పు ఉడికి, తాలింపు పడి, చల్లారేంత సేపు.

ఖాదర్‌వలీ నెల్లూరులో మేనత్త కొడుకు పెళ్ళిలో ఉన్నాడు.
మేళం మధ్య నుంచి ఫోనులో కేకలు:
"ఫ్యాను?"
బ్యాటరీకి రెండు వైర్లు అంటించా. తిరిగింది,
నా తప్పేముందన్నట్టు.
"బెల్టు?"
బిగువుగానే ఉంది.
"స్టార్ట్ చేసి పై గొట్టం పట్టుకో."
ఇంజను పెనంలాగా ఉంది,
గొట్టమేమో నీడలో పెట్టిన చెంబు.
"అయితే మధ్యలో తలుపు పడిందన్నా. థర్మోస్టాట్ విప్పు."
మేళం పెరిగింది. ఫోను తెగింది.

రెండు బోల్టులు. ఒకటి మర్యాదగా వచ్చింది.
రెండోదానికి కొబ్బరినూనె, తిట్లు,
మళ్ళీ కొబ్బరినూనె.
లోపల బొట్టుడబ్బా మూతంత ఇత్తడి బిళ్ళ,
చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి.

అక్క దాన్ని నీళ్ళ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది.
వేడి తగిలితే నోరు తెరవాలి.
ఇద్దరం గిన్నె మీదికి వంగాం.
నీళ్ళు తెర్లాయి, బుడగలు దాన్ని ఎగరేసి కొట్టాయి.
తెరవలేదు.

గోటితో పెచ్చు గీకి చూసింది.
ఆ తెలుపు ఆమెకి కొత్త కాదు.
కాగు అడుగున ఉంది, గ్లాసు అంచున ఉంది.
బడి ఫోటోలో మా ఇద్దరినీ నోరు మూసుకుని నిలబెట్టింది
దీని తోబుట్టువే.
ఆమె మోకాళ్ళలో దూరి
కింద కూర్చోనీకుండా, కూర్చుంటే లేవనీకుండా
కాపలా కాసేదీ అదే.

"దీంట్లో ఏం నీళ్ళు పోశావురా?"
"మన బోరువే."
"కనిగిరంతా మంచినీళ్ళు మోసేదానికి
బోరునీళ్ళా!"

నాలుగేళ్ళు. ఒక్క పొద్దు కూడా తట్టలేదు.
క్యాను పదిహేను రూపాయలు,
అమ్మేవి అమ్మేవే, ఇంట్లోవి ఇంట్లోవే.
అక్క కూడా బోరువే తాగుతుందని
అప్పుడు గుర్తొచ్చింది.
పైకి అనలేదు. ఆమె కూడా అనలేదు.

నిమ్మఉప్పు కలిపి పోసి, గంట తిప్పి వదిలితే
వాకిట్లోకి ముందు కుడితి వచ్చింది,
తర్వాత తుప్పు,
తర్వాత ఏ రంగూ లేని నీళ్ళు.
కోడిపెట్ట వచ్చి ఒక చూపు చూసి పోయింది.

కొత్త బిళ్ళ తెస్తే దాన్నీ గిన్నెలో వేయమంది.
కొట్టోడి మాట కొట్టోడిది, పొయ్యి మాట పొయ్యిది.
ఈసారి తెరిచింది,
పిచ్చుకపిల్ల నోరంత.
అంతవరకూ ఊపిరి బిగబట్టామని
ఊపిరి వదిలాక తెలిసింది.

ఆకుపచ్చ కూలెంటు పోసి,
ఒక క్యాను సీలు విప్పా.
బండి తాగినంత తాగింది.
మిగిలింది బిందెలో పోసి వంటింట్లో పెట్టా.
అక్క చూసింది. బిందె మీద మూత పెట్టింది.

చీకటి పడ్డాక ఆమెని ముందు సీట్లో ఎక్కించా.
ఒక కాలు ఆమె ఎత్తింది, ఒక కాలు నేను.
కొండ కిందిదాకా పోయాం, వెనక్కి తిరిగాం.
ముల్లు సగం దగ్గర ఆగింది.
నేను దాని వంకే చూస్తా ఉంటే
అక్క సీటు తడుముకుంటా అంది:
"మోకాళ్ళకి హాయిగా ఉందిరా ఈ వెచ్చదనం.
మరీ చల్లార్చేశావా ఏంది?"

ఇల్లు వచ్చింది. దిగనంది.
ఇంకో చుట్టు వేశాం.